తెర కొత్తది... అక్షరం మసక!

గుడిబండ... గుడిబండె! చూశారుగా, తేడా ఎంతో? ఒక్క ఎత్వం. మొదటిది మన శ్రీసత్యసాయి జిల్లాలో, మడకశిర నియోజకవర్గంలోని మండల కేంద్రం. రెండోది సరిహద్దు దాటితే కర్ణాటకలో, చిక్కబళ్లాపుర జిల్లాలోని తాలూకా కేంద్రం. తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే ఈ నేల మీద అటు పిల్లనివ్వడం, ఇటు కోడల్ని తెచ్చుకోవడం మామూలే. పెళ్లిపత్రికలో ఆ ఎత్వం ఒక్కటి ఎగిరిపోయినా, ఉండకూడని చోట వచ్చి పడినా... చుట్టాలు బస్సు దిగేది పక్క రాష్ట్రంలో!

అలాంటి పొరపాటు పత్రిక దాకా రాకుండా ఆపేది డీటీపీ ఆపరేటర్‌ కన్ను. ఆ కన్ను రోజుకు పది గంటలు చూసేది కంప్యూటర్‌ తెరని. పాత కంప్యూటర్‌ మూలపడితే, అప్పోసప్పో చేసి కొత్త ల్యాప్‌టాప్‌ కొంటారు. తెర తళతళలాడుతుంటుంది. ఫొటోలు పెడితే కంటికి అద్దుకోవాలనిపిస్తుంది. తీరా చేతికి అలవాటైన పేజ్‌మేకర్‌ తెరిచి, అను ఫాంట్‌లో నాలుగు ముక్కలు కొడితే... అక్షరాలన్నీ పొగమంచులో నడుస్తున్నట్టు కనిపిస్తాయి. మెనూలు మసక, బటన్లు మసక, ఒత్తులు మరీ మసక.

ఇక అక్కణ్నుంచి మొదలు. ఒకరు 'తెర పాడైంది, షాపులో తిరిగిచ్చెయ్‌' అంటారు. ఇంకొకరు 'నలభై దాటింది కదా, చత్వారం వచ్చుంటుంది, అద్దాలు మార్చు' అంటారు. మరొకరు వచ్చి ఏదో సెట్టింగు మారుస్తారు, అప్పటిదాకా బాగున్నవి కూడా మసకబారతాయి! చాలాసార్లు తెరదీ తప్పు కాదు, కళ్లదీ కాదు. పాత ప్రోగ్రామ్‌కీ కొత్త తెరకీ మధ్య లెక్క కుదరకపోవడమే కారణం. ఆ లెక్కని సరిచేసే మీట విండోస్‌లోనే ఉంది. పైసా ఖర్చు లేదు. కాకపోతే నాలుగు తలుపుల వెనక ఉంటుంది కాబట్టి అందరికీ కనిపించదు. ఈ వారం ఆ తలుపులు తీద్దాం.

కళ్లా? తెరా? ప్రోగ్రామా?

వైద్యానికి ముందు నాడి చూడాలి కదా! మూడే మూడు పరీక్షలు.

ఒకటి: మీ చేతిలో ఉన్న ఈ పేజీని ఎప్పుడూ చదివేంత దూరంలో పెట్టుకుని చదవండి. ఇది కూడా మసకగా ఉంటే కంప్యూటర్‌ని వదిలేసి కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

రెండు: పేజీ స్పష్టంగానే ఉంది. అయితే కంప్యూటర్‌లో ఇంటర్నెట్‌ బ్రౌజర్‌ తెరిచి ఏదైనా తెలుగు వార్త చూడండి. అదీ మసకగా ఉంటే లోపం మొత్తం తెర అమరికలోనో, తీగలోనో ఉంది.

మూడు: బ్రౌజర్‌లో అక్షరం కడిగిన ముత్యంలా ఉంది, పాత ప్రోగ్రామ్‌లో మాత్రమే మసకేసింది. రెండు కిటికీలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. అదే మన అసలు రోగం. ల్యాప్‌టాప్‌ని వెనక్కి ఇవ్వాల్సిన పనిలేదు. ఇచ్చి, అదే రకం ఇంకొకటి తెచ్చుకున్నా అందులోనూ ఇదే కనిపిస్తుంది.

ధర్మవరం గ్రాఫ్‌లో ఉంది కిటుకు

ఎందుకిలా అవుతుందో ధర్మవరం పట్టుచీర నేసేవాళ్లకు చెబితే అరనిమిషంలో అర్థమవుతుంది. అంచు మీద హంసనో, మామిడిపిందెనో నేయాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద గీస్తారు. ఒక్కో గడీ నింపడమో, ఖాళీగా వదలడమో. ఆ గళ్లను బట్టే జకార్డుకు అట్టలు కొడతారు. అట్టలో రంధ్రాన్ని బట్టే పోగు పైకి లేస్తుంది, లేదా కిందే ఉంటుంది. కంప్యూటర్‌ మీద డిజైన్‌ గీసినా లెక్క అదే గడి.

ఇప్పుడు వంద గళ్ల వెడల్పున్న హంసను రెండు వందల గళ్లకు పెంచాలి. కష్టమేం లేదు. ఒక్కో గడి స్థానంలో అటు రెండు, ఇటు రెండు... మొత్తం నాలుగు గళ్లు నింపితే సరి. మరి రెండు వందలు కాకుండా నూటయాభై గళ్లకే పెంచమంటే? ఒక్కో గడీ ఒకటిన్నర గడి కావాలి. అరగడిని నింపేదెలా? పోగు సగం లేవదుగా! అందుకే మంచి డిజైనర్‌ హంసను సాగదీయడు. కొత్త కొలతకు కొత్తగా గీస్తాడు.

కంప్యూటర్‌ తెర కూడా గళ్ల కాగితమే. ఆ గడినే పిక్సెల్‌ అంటారు. పాత ప్రోగ్రామ్‌ తన బొమ్మని చిన్న గళ్ల కాగితానికి సరిపోయేలా గీసి ఇస్తుంది. తెర పెద్దది, గళ్లు ఎక్కువ. అలాగే చూపిస్తే అక్షరాలు చీమల్లా ఉంటాయి. అందుకని విండోస్‌ ఆ బొమ్మను పట్టుకుని నూటపాతికో, నూటయాభయ్యో శాతానికి సాగదీస్తుంది. అరగడి వచ్చిన చోట నలుపూ కాదు తెలుపూ కాదు, బూడిదరంగు పూస్తుంది. అంచులన్నీ అలా బూడిదరంగు తేలితే మన కంటికి కనిపించేదే మసక.

కొత్త ప్రోగ్రామ్‌లు అలా కాదు. 'తెర ఎంత?' అని విండోస్‌ని ముందే అడిగి, ఆ కొలతకు అక్షరాన్ని కొత్తగా గీసుకుంటాయి. మంచి డిజైనర్‌ లాగే అన్నమాట.

తొంభయ్యారు కథ

పాత ప్రోగ్రామ్‌లకు ఆ తెలివి ఎందుకు లేదు? అప్పట్లో అవసరమే రాలేదు. యాపిల్‌ 1984లో మెకింటోష్‌ తెచ్చినప్పుడు అంగుళానికి 72 చుక్కలు పెట్టింది. అచ్చు పనిలో అంగుళానికి 72 పాయింట్లు కాబట్టి పాయింటుకో చుక్క... లెక్క కుదిరింది. మైక్రోసాఫ్ట్‌ వాళ్లు మరోలా ఆలోచించారు. పుస్తకం కన్నా తెరకు మనం ఎక్కువ దూరంలో కూర్చుంటాం కాబట్టి అక్షరం మూడోవంతు పెద్దదిగా ఉండాలని అంగుళానికి 96 చుక్కలన్న లెక్క పట్టుకున్నారు. నిజం తెర ఎంతున్నా విండోస్‌కి 96 అన్నదే శిలాశాసనమైపోయింది.

చాలాకాలం అది సరిపోయింది. 2000ల తొలినాళ్లలో ఇంటర్నెట్‌ సెంటర్లలో కనిపించిన డబ్బా మానిటర్లలో అడ్డంగా 1024, నిలువుగా 768 చుక్కలు. మొత్తం దాదాపు 7.86 లక్షలు. తర్వాత వచ్చిన 15.6 అంగుళాల మామూలు ల్యాప్‌టాప్‌లో 1366, 768. అంటే అంగుళానికి నూరు చుక్కలు. అక్కడిదాకా తొంభయ్యారుకు దగ్గరే. అదే సైజులో ఫుల్‌ హెచ్‌డీ తెర వచ్చేసరికి చుక్కలు 20.7 లక్షలయ్యాయి, అంగుళానికి 141. ఇక 4కే తెరలో ఏకంగా 83 లక్షలు, అంగుళానికి 282! తొంభయ్యారు నమ్ముకున్న ప్రోగ్రామ్‌ అక్షరం ఈ తెర మీద మూడోవంతుకు కుంచించుకుపోతుంది.

అందుకే 2007లో జనం ముందుకొచ్చిన విండోస్‌ విస్టాలో మైక్రోసాఫ్ట్‌ ఓ ఏర్పాటు చేసింది. 'నాకు తెర కొలత తెలుసు' అని ముందే చెప్పుకున్న ప్రోగ్రామ్‌ని వదిలేయడం, చెప్పుకోనిదాన్ని సాగదీసి చూపించడం. కనిపించకపోవడం కన్నా మసకగా కనిపించడం నయం కదా అన్నది ఆ ఏర్పాటు వెనక న్యాయం. ఇప్పటికీ నడుస్తున్నది ఆ న్యాయమే.

యాపిల్‌ ఈ చిక్కుని మరో దారిలో తప్పించుకుంది. 2010లో ఐఫోన్‌ 4కు చుక్కల్ని అంగుళానికి 163 నుంచి 326కు పెంచింది. 2012లో రెటీనా మ్యాక్‌బుక్‌ ప్రోకు 110 నుంచి 220 చేసింది. రెండుసార్లూ సరిగ్గా రెట్టింపు. మన హంస వంద నుంచి రెండు వందల గళ్లకు పెరిగినట్టే. తెరా, ప్రోగ్రామ్‌లను నడిపించే వ్యవస్థా రెండూ ఒకే కంపెనీవి కాబట్టి సాధ్యమైంది. విండోస్‌ పరిస్థితి వేరు. ఎందరో తయారీదార్లు, ఎన్నో సైజులు. అందుకే 125, 150, 175 అంటూ అరగళ్ల లెక్కలు తప్పవు.

తెలుగుకే బాధ ఎక్కువ

ఇంగ్లిషులో ఓ అక్షరం కాస్త మసకబారినా పదాన్ని బట్టి చదివేసుకోవచ్చు. మనకలా కాదు. 'ద'కూ 'ధ'కూ తేడా అడుగున ఉండే చిన్న నిలువు గీత. ధర్మవరం కాస్తా 'దర్మవరం' అయిపోయేది ఆ గీత బూడిదలో కలిసిపోయినప్పుడే. 'చ, ఛ', 'డ, ఢ', 'ప, ఫ'... అన్నింటిదీ అదే కథ. 'థ'కూ 'ధ'కూ తేడా పొట్టలో చుక్క. రథోత్సవం 'రధోత్సవం'గా అచ్చయిన కరపత్రాలు మీరూ చూసే ఉంటారు. 'మ'కూ 'వు'కూ పోలిక చెప్పనే అక్కర్లేదు.

లెక్క చూడండి. 12 పాయింట్ల అక్షరానికి తొంభయ్యారు లెక్కన దక్కే ఎత్తు 16 చుక్కలు. అందులోనే తలకట్టు, గుడి, అక్షరం, కింద ఒత్తు అన్నీ ఇమడాలి. పెళ్లిపత్రికల్లో తప్పకుండా వచ్చే 'లక్ష్మి'నే తీసుకోండి. 'క'కు 'ష' ఒత్తు, దానికి 'మ' ఒత్తు, పైన గుడి. నాలుగంతస్తుల మేడని 16 మెట్లలో కట్టాలి! ఒక్కో గీతకు ఒకటో రెండో చుక్కలు దక్కితే గొప్ప. వాటిని సాగదీస్తే ఏం మిగులుతుంది?

అదే తెర కొలత తెలిసిన ప్రోగ్రామ్‌ అయితే, 4కే తెర మీద 250 శాతం పెంపు దగ్గర ఆ అక్షరానికి 40 చుక్కల ఎత్తు దొరుకుతుంది. అడ్డంగానూ అంతే. అంటే అదే జాగాలో ఆరురెట్లకు పైగా చుక్కలు. ఒత్తు ఒత్తులా, చుక్క చుక్కలా కనిపిస్తుంది. నిజానికి ఇలాంటి తెరల వల్ల ఎక్కువ మేలు జరిగేది మన గుండ్రటి లిపికే. పాత ప్రోగ్రామ్‌ ఆ మేలును మన దాకా రానివ్వడం లేదు, అంతే.

ముందు ఇవి చూడండి

అసలు మందుకు ముందు ఇంటి చిట్కాలు.

స్టార్ట్‌ నొక్కి సెట్టింగ్స్‌లో సిస్టమ్‌, అందులో డిస్‌ప్లే తెరవండి. 'డిస్‌ప్లే రిజల్యూషన్‌' దగ్గర 'రికమెండెడ్‌' అని పక్కన రాసి ఉన్న అంకె ఎంచుకుని ఉందో లేదో చూడండి. లేకపోతే మొత్తం తెర మసకగానే ఉంటుంది. అక్షరాలు చిన్నగా ఉన్నాయని చాలామంది రిజల్యూషన్‌ తగ్గించేస్తారు. అది చీరని మడిచి చిన్న పెట్టెలో కుక్కడం లాంటిది. అక్షరం పెద్దది కావాలంటే తగ్గించాల్సింది రిజల్యూషన్‌ కాదు, పెంచాల్సింది దాని దగ్గర్లోనే ఉండే 'స్కేల్‌' శాతం.

ల్యాప్‌టాప్‌కి పాత మానిటర్‌ని తగిలించారా? నీలిరంగు మూతి, రెండు మరలు ఉండే వీజీఏ తీగ అయితే దాన్ని మార్చి హెచ్‌డీఎంఐ తీగ పెట్టండి. మానిటర్‌కి ఆ సదుపాయం లేకపోతే దాని మీదుండే 'ఆటో' బటన్‌ ఓసారి నొక్కండి. చాలావరకు కుదురుకుంటుంది.

స్టార్ట్‌ దగ్గర 'క్లియర్‌టైప్‌' అని టైపు చేస్తే 'అడ్జస్ట్‌ క్లియర్‌టైప్‌ టెక్స్ట్‌' వస్తుంది. అది వరసగా కొన్ని నమూనాలు చూపించి, ఏది బాగా కనిపిస్తోందో నొక్కమంటుంది. కంటి డాక్టరు అద్దాలు మార్చి మార్చి 'ఇది బాగుందా, అది బాగుందా' అని అడిగినట్టే! అన్ని ప్రోగ్రామ్‌ల్లోనూ అక్షరం కాస్త పలచగానో మొద్దుగానో ఉందనిపిస్తే ఇది పనిచేస్తుంది.

అసలు మందు ఇదిగో

ఒక్క పాత ప్రోగ్రామే మసకగా ఉందని తేలిందా? ముందు దాన్ని మూసేయండి. చేస్తున్న పని సేవ్‌ చేసుకోవడం మరవొద్దు. తర్వాత...

1. డెస్క్‌టాప్‌ మీద ఆ ప్రోగ్రామ్‌ బొమ్మపై మౌస్‌ కుడిబటన్‌ నొక్కి 'ప్రాపర్టీస్‌' తెరవండి. బొమ్మని ఎంచుకుని కీబోర్డు మీద ఆల్ట్‌, ఎంటర్‌ కలిపి నొక్కినా అదే వస్తుంది.

2. పైన వరసలో ఉండే పేర్లలో 'కంపాటిబిలిటీ' నొక్కండి.

3. కింద 'ఛేంజ్‌ హై డీపీఐ సెట్టింగ్స్‌' అనే బటన్‌ ఉంటుంది. దాన్ని నొక్కితే మరో చిన్న కిటికీ తెరుచుకుంటుంది.

4. అందులో అట్టడుగున 'ఓవర్‌రైడ్‌ హై డీపీఐ స్కేలింగ్‌ బిహేవియర్‌' అని ఉంటుంది. పక్క గడిలో టిక్కు పెట్టండి.

5. దాని కింద ఉన్న జాబితాలో మూడు పేర్లుంటాయి. అప్లికేషన్‌, సిస్టమ్‌, సిస్టమ్‌ (ఎన్‌హాన్స్‌డ్‌). మొదట మూడోదాన్ని ఎంచుకోండి.

6. ఓకే, మళ్లీ ఓకే. ఇప్పుడు ప్రోగ్రామ్‌ తెరిచి చూడండి. అంతే!

కంప్యూటర్‌ని ఇంట్లో నలుగురూ నాలుగు పేర్లతో వాడుతుంటే కంపాటిబిలిటీ పేజీలోనే 'ఛేంజ్‌ సెట్టింగ్స్‌ ఫర్‌ ఆల్‌ యూజర్స్‌' అనే బటన్‌ ఉంటుంది. దాని ద్వారా మారిస్తే అందరికీ వర్తిస్తుంది. స్టార్ట్‌ మెనూలో తప్ప డెస్క్‌టాప్‌ మీద బొమ్మ లేకపోతే, అక్కడే కుడిబటన్‌ నొక్కి 'ఓపెన్‌ ఫైల్‌ లొకేషన్‌' ఎంచుకోండి. ప్రోగ్రామ్‌ ఉన్న చోటికి తీసుకెళుతుంది.

మూడింటిలో ఏది ఎప్పుడు?

'సిస్టమ్‌ (ఎన్‌హాన్స్‌డ్‌)' అన్నది 2017 ఏప్రిల్‌లో విండోస్‌ 10కు వచ్చిన కొత్త ఏర్పాటు. సాగదీసేటప్పుడు అక్షరాల్నీ గీతల్నీ మాత్రం పెద్ద కొలతలో మళ్లీ గీయించే ప్రయత్నం చేస్తుంది. పాతకాలపు పద్ధతిలో రాసిన చాలా ప్రోగ్రామ్‌లకు ఇది అమృతం. బటన్ల మీది చిన్న బొమ్మలు మాత్రం కాస్త మసకగానే ఉండొచ్చు. కొన్ని ప్రోగ్రామ్‌ల్లో పనిచేయదు, ఇంకొన్నింటిలో గీతలు వంకర పోతాయి. అప్పుడు పక్కదాన్ని చూడాలి.

'అప్లికేషన్‌' అంటే విండోస్‌ చేతులు కట్టుకు కూర్చుంటుంది. ప్రోగ్రామ్‌ ఎలా గీస్తే అలాగే చూపిస్తుంది. అక్షరం సూదిమొనలా స్పష్టంగా ఉంటుంది కానీ, మెనూలూ బటన్లూ చిట్టిపొట్టిగా మారిపోతాయి. పేజీని పెద్దది చేసి చూసుకునే సదుపాయం పేజ్‌మేకర్‌ లాంటివాటిలో ఉంటుంది కాబట్టి, అక్షరం స్పష్టంగా కనిపించడమే ముఖ్యమనుకునే వాళ్లకు ఇదే మంచిది. మెనూలు చదవడం కష్టమైతే కీబోర్డు షార్ట్‌కట్‌లు ఎలాగూ వేళ్ల చివర్లోనే ఉంటాయి.

ఒక్క 'సిస్టమ్‌' అంటే విండోస్‌ మామూలుగా చేసే సాగదీతే. ఓ ప్రోగ్రామ్‌ 'నాకు తెర కొలత తెలుసు' అని గొప్పలు చెప్పుకుని, తీరా బటన్ల మీద బటన్లు ఎక్కించేస్తుంటే దాన్ని దారిలో పెట్టడానికి పనికొస్తుంది. మసక తగ్గడానికి కాదు.

రెండో తెర పెడితే...

ల్యాప్‌టాప్‌ పక్కన ఇంకో మానిటర్‌ పెట్టుకునేవాళ్లకు మరో చిక్కు. ప్రోగ్రామ్‌ ఒక తెర మీద స్పష్టంగా ఉంటుంది, రెండోదాని మీదికి లాగగానే మసకేస్తుంది. రెండు తెరల స్కేల్‌ శాతం వేరువేరుగా ఉండటమే కారణం. ఒక్కో తెరకు ఒక్కో శాతం పెట్టుకునే వీలు 2013లో విండోస్‌ 8.1తో వచ్చింది. కానీ ఆ మార్పును కనిపెట్టి తనను తాను సర్దుకునే తెలివి పాత ప్రోగ్రామ్‌లకు లేదు. కంప్యూటర్‌లోకి ప్రవేశించినప్పుడు ముఖ్యమైన తెర ఏదో, దాని కొలతే పట్టుకుని కూర్చుంటాయి.

మందు సులువే. ఏ తెర మీద పని చేస్తారో దాన్ని 'మేక్‌ దిస్‌ మై మెయిన్‌ డిస్‌ప్లే' అన్నచోట టిక్కు పెట్టి ముఖ్యమైనదిగా చేయండి. తర్వాత ఒకసారి సైన్‌ అవుట్‌ అయి, మళ్లీ సైన్‌ ఇన్‌ అవ్వండి. స్కేల్‌ శాతం మార్చినప్పుడల్లా ఇలా చేయడం అలవాటు చేసుకుంటే సగం గొడవలు ఉండవు.

విండోస్‌ 10 ఉన్నవాళ్లకు డిస్‌ప్లే పేజీలో 'అడ్వాన్స్‌డ్‌ స్కేలింగ్‌ సెట్టింగ్స్‌' కింద మసక ప్రోగ్రామ్‌లను విండోస్‌ తనే సరిచేసేందుకు ప్రయత్నించే మీట ఒకటుంది. 2018లో వచ్చింది. దాన్ని ఆన్‌ చేసినా కొంత మేలే. ఒకమాట... విండోస్‌ 10కు మామూలు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌ అయితే అది గుర్తుపెట్టుకోండి.

అచ్చులోనూ మసకొస్తుందా?

డీటీపీ వాళ్లు ముందు భయపడేది దీనికే. రాదు. తెర మీద సాగదీసింది విండోస్‌. ప్రింటర్‌కి వెళ్లేది అక్షరం అసలు ఆకారం. అక్కడ అంగుళానికి 600 చుక్కలుంటే అన్ని చుక్కల్లోనూ నిక్కచ్చిగా గీస్తుంది. తెర మీద ఎంత మసకగా ఉన్నా కాగితం మీద స్పష్టంగానే వస్తుంది.

చిక్కల్లా అక్కడే ఉంది. తప్పు కూడా అంతే స్పష్టంగా వస్తుంది! 'ధ' కొట్టామనుకుని 'ద' కొడితే తెర మీద తెలియలేదు. కాగితం మీద నల్లగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. అప్పటికి ఐదు వందల కార్డులు అచ్చయి ఉంటాయి. ఆ ఖర్చు ఎవరిది? కార్డు ఇచ్చినవాళ్లు పెట్టుకోరు. చిన్న ఊళ్లో చిన్న షాపుకి ఓ ముహూర్తం సంపాదన అక్కడే తుడిచిపెట్టుకుపోతుంది. పేరూ, ఊరూ తప్పుపడితే డబ్బుతో పాటు మాట కూడా పోతుంది. అద్దె ఒప్పందమో, అర్జీనో అయితే సర్వే నంబరు దగ్గర 3కూ 8కీ తేడా తెలియకపోతే ఆ తలనొప్పి ఇంకా పెద్దది.

అందుకే సెట్టింగు మార్చినా మార్చకపోయినా ఓ నియమం పెట్టుకోండి. పేర్లు, ఊళ్లు, తేదీలు, అంకెలు... ఈ నాలుగింటినీ 200 శాతానికి పెద్దది చేసి ఓసారి చూడండి. తర్వాత మామూలు కాగితం మీద ఒక్క ప్రతి తీసి, పని ఇచ్చినవాళ్ల చేత చదివించి సంతకం తీసుకోండి. కన్నడం కూడా ఉన్న కార్డయితే ఆ భాష చదవగలిగిన వాళ్ల చేత మరోసారి.

ఎన్నాళ్లిలా?

పేజ్‌మేకర్‌ పుట్టింది 1985లో, ఆల్డస్‌ అనే కంపెనీలో. 1994లో అది అడోబీ చేతికి వచ్చింది. 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి రూపం. 2004లో అడోబీ దాన్ని మెరుగుపరచడం ఆపేసింది. అంటే మన ఊళ్లలో ఇప్పటికీ పత్రికలూ కరపత్రాలూ దిద్దుతున్న ఆ ప్రోగ్రామ్‌కి ఈ తెరలు పుడతాయన్న సంగతే తెలియదు. అయినా నడుస్తోందంటే, దాని మీద చేతులకున్న అలవాటూ, అను ఫాంట్లలో ఏళ్లుగా పోగుపడిన ఫైళ్లూ కారణం. కన్నడ పనుల్లో పాత నుడి, బరహ ఫైళ్లది కూడా ఇదే పరిస్థితి. అలవాటైన పనిముట్టుని వదిలేయమని చెప్పడం తేలికే, చేయడం కష్టం. రోజుకు ఇన్ని కార్డులు దించితేనే ఇల్లు గడిచే చోట నెల రోజులు కొత్తది నేర్చుకుంటూ కూర్చోలేరు.

కాకపోతే పక్కనే రెండో దారి వేసుకుంటూ ఉండొచ్చు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్‌ ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంట్‌ ఉచితంగా వచ్చింది. మండలి, ధూర్జటి, సూరన్న, రామభద్ర లాంటి అందమైన ఫాంట్లు ఇప్పుడు గూగుల్‌ ఫాంట్స్‌లో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఇన్‌డిజైన్‌ లాంటి కొత్త ప్రోగ్రామ్‌లు గానీ, డబ్బు కట్టనక్కర్లేని స్క్రైబస్‌ కొత్త రూపం గానీ యూనికోడ్‌ తెలుగుని అర్థం చేసుకుంటాయి. తెర కొలతా వాటికి తెలుసు. పాత ఫైళ్లు పాత ప్రోగ్రామ్‌లోనే ఉండనివ్వండి. కొత్తగా వచ్చే చిన్న పనుల్లో వారానికి ఒకటి కొత్తదాంట్లో చేసి చూడండి. పాత ఫాంట్‌ నుంచి యూనికోడ్‌కి మార్చే సాధనాలు దొరుకుతాయి కానీ, మార్చాక ఒత్తుల్ని మాత్రం ఒక్కొక్కటిగా సరిచూసుకోవాల్సిందే.

మరికొన్ని సందేహాలు

'కంపాటిబిలిటీ' అన్న పేరే కనిపించడం లేదు, ఏం చేయాలి?
మైక్రోసాఫ్ట్‌ స్టోర్‌ నుంచి దించుకున్న ప్రోగ్రామ్‌లకు ఆ పేజీ ఉండదు. వాటికి ఈ అవసరమూ సాధారణంగా రాదు. మీరు కుడిబటన్‌ నొక్కింది ప్రోగ్రామ్‌ మీద కాకుండా, దాంతో చేసిన ఫైలు మీద అయినా అది కనిపించదు.

సెట్టింగు మారిస్తే ప్రోగ్రామ్‌ పాడవుతుందా?
కాదు. అది ప్రోగ్రామ్‌ లోపల ఏదీ మార్చదు. విండోస్‌కి మీరిచ్చే సూచన మాత్రమే. నచ్చకపోతే టిక్కు తీసేయండి, మొదటికొస్తుంది.

స్కేల్‌ని 100 శాతం పెట్టేస్తే పోదా?
మసక పోతుంది. సాగదీయడమే ఉండదు కదా! కానీ అన్నీ చిన్నవైపోతాయి. 15.6 అంగుళాల ఫుల్‌ హెచ్‌డీ తెర మీద కుర్రాళ్ల కళ్లు ఎలాగో తట్టుకుంటాయి. 4కే మీద ఎవరి వల్లా కాదు. ముందుకు వంగి వంగి మెడనొప్పి కొనితెచ్చుకోవద్దు.

కొత్తది కొనబోతున్నా, ఏం చూడాలి?
రోజూ వాడే పాత ప్రోగ్రామ్‌ ఉంటే, షాపులో అదే రకం తెర మీద దాన్ని ఓసారి నడిపించి చూపించమనండి. పని మొత్తం అలాంటి ప్రోగ్రామ్‌లోనే అయితే 4కే తెర కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. 24 అంగుళాల మామూలు ఫుల్‌ హెచ్‌డీ మానిటర్‌ మీద అంగుళానికి దాదాపు 92 చుక్కలే. తొంభయ్యారుకు దగ్గర కాబట్టి స్కేల్‌ని 100 దగ్గరే ఉంచుకోవచ్చు, మసక అన్న మాటే ఉండదు. ఉన్న ల్యాప్‌టాప్‌కే దాన్ని తగిలించుకుంటే చాలు.

మూఢాలు పోయి ముహూర్తాలు మొదలయ్యాక ఎవరికీ ఊపిరాడదు. ఇవాళ ఆదివారం, షాపు కట్టేసి ఉంటుంది కాబట్టి ఓ పావుగంట ఇటు కేటాయించండి. సెట్టింగు మార్చాక పాత ప్రోగ్రామ్‌లో 'గుడిబండె' అనీ, పక్కనే 'ధర్మవరం', 'రథోత్సవం' అనీ కొట్టి చూడండి. ఎత్వం, గీత, చుక్క మూడూ పెద్దది చేయకుండానే కనిపిస్తే మీ తెర పనికి సిద్ధం.